గుడికి భద్రత కోసం అమెరికా ప్రభుత్వ గ్రాంట్: ఎవరికి ఇస్తారు, ఎలా అడగాలి?

అమెరికాలో మీరుండే ఊళ్లో గుడి పాలకవర్గంలోనో, తెలుగు బడి నడిపే సంస్థలోనో మీకు బాధ్యత ఉందా? అయితే గేటు దగ్గర కెమెరాలు, బయటి తలుపులకు గట్టి తాళాలు, పార్కింగ్ స్థలంలో లైట్లు పెట్టించడానికి విరాళాల కోసమే ఎదురుచూడనక్కర్లేదు. దీనికి ఫెడరల్ ప్రభుత్వ గ్రాంట్ ఒకటి ఉంది. పేరు నాన్‌ప్రాఫిట్ సెక్యూరిటీ గ్రాంట్ ప్రోగ్రామ్. హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ కింద పనిచేసే ఫెమా దీన్ని నడుపుతుంది.

ఎందుకు మొదలైంది?

దాడుల ముప్పున్న లాభాపేక్ష లేని సంస్థల కోసం 2005లో 2.5 కోట్ల డాలర్లతో ఇది మొదలైంది. 2012 ఆగస్టులో విస్కాన్సిన్‌లోని ఓక్ క్రీక్ గురుద్వారాలోనూ, 2018 అక్టోబరులో పిట్స్‌బర్గ్‌లోని యూదుల ప్రార్థనా మందిరంలోనూ కాల్పులు జరిగాయి. పిట్స్‌బర్గ్‌లో 11 మంది చనిపోయారు. తెలుగువారికి బాగా తెలిసిన పెన్ హిల్స్ వేంకటేశ్వర ఆలయం ఉన్నది కూడా ఆ నగరం పక్కనే. ఇలాంటి ఘటనల తర్వాత నిధులు పెరుగుతూ వచ్చాయి. 2022లో 25 కోట్ల డాలర్లు, 2023లో 30.5 కోట్ల డాలర్లు కేటాయించారు.

హిందూ ఆలయాలకూ ఈ బెడద తప్పలేదు. 2023 డిసెంబరులో కాలిఫోర్నియాలోని న్యూవార్క్‌లో ఒక స్వామినారాయణ మందిరం గోడల మీద రంగుతో రాతలు రాశారు. 2024 సెప్టెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని మెల్‌విల్‌లో, కొద్ది రోజుల తేడాతో శాక్రమెంటో ప్రాంతంలో ఇలాంటివే జరిగాయి.

ఎవరు అర్హులు?

ఆదాయపు పన్ను చట్టంలోని 501(సి)(3) సెక్షన్ కింద పన్ను మినహాయింపు ఉన్న సంస్థలు అర్హమైనవి. గుళ్లు, చర్చిలు, మసీదులు మాత్రమే కాదు, బడులు, ఆసుపత్రులు, సాంస్కృతిక సంఘాలు కూడా అడగవచ్చు. ప్రార్థనా స్థలాలకు చట్టమే మినహాయింపు ఇస్తుంది కాబట్టి పన్నుల శాఖ ఇచ్చే లేఖ తప్పనిసరి కాదు. ఉంటే మాత్రం పని తేలికవుతుంది.

ఒక ముఖ్యమైన షరతుంది. దరఖాస్తు చేసే నాటికి మీ సంస్థ ఆ భవనంలో కార్యకలాపాలు సాగిస్తూ ఉండాలి. ఇంకా కడుతున్న గుడికి ఈ డబ్బు రాదు. అద్దె భవనంలో ఉంటే యజమాని అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

ఎంత ఇస్తారు? దేనికి వాడొచ్చు?

గరిష్ఠ మొత్తం ఏటా విడుదలయ్యే ప్రకటనలో ఉంటుంది. 2023లో ఒక్కో చిరునామాకు 1.5 లక్షల డాలర్ల వరకు అడగనిచ్చారు. రెండు చోట్ల గుళ్లుంటే ప్రతి చోటికీ విడి దరఖాస్తు పెట్టాలి. సంస్థ తన వాటాగా ఏమీ కట్టనక్కర్లేదు.

కెమెరాలు, అలారాలు, కంచె, గేట్లు, వాహనాలు దూసుకురాకుండా అడ్డంగా పాతే స్తంభాలు, పగలని అద్దాలు, లైట్లు కొనవచ్చు. వాలంటీర్లకు శిక్షణ, అత్యవసర ప్రణాళిక తయారీ, కాంట్రాక్టు సెక్యూరిటీ గార్డుల ఖర్చు కూడా చూపవచ్చు. తుపాకులు కొనడానికి వీల్లేదు. భద్రతతో సంబంధం లేని మరమ్మతులకూ కుదరదు.

కెమెరాలు కొనేటప్పుడు బ్రాండ్ చూసుకోండి. హిక్‌విజన్, దహువా వంటి కొన్ని చైనా కంపెనీల పరికరాలను ఫెడరల్ నిధులతో కొనడాన్ని చట్టం నిషేధించింది. చవగ్గా వచ్చాయని తెచ్చి పెడితే ఆ ఖర్చు మీ మీదే పడుతుంది.

ఎవరికి దరఖాస్తు చేయాలి?

నేరుగా ఫెమాకు పంపితే తీసుకోరు. మీ రాష్ట్రంలో ఈ గ్రాంట్లు చూసే సంస్థకే ఇవ్వాలి. టెక్సస్‌లో గవర్నర్ కార్యాలయం, కాలిఫోర్నియాలో రాష్ట్ర అత్యవసర సేవల కార్యాలయం, న్యూజెర్సీలో రాష్ట్ర హోంల్యాండ్ సెక్యూరిటీ కార్యాలయం ఈ పని చూస్తాయి. రాష్ట్రాలు ముందుగా మార్కులు వేసి జాబితాను ఫెమాకు పంపుతాయి. అందుకే రాష్ట్రం పెట్టే గడువు ఫెమా గడువు కన్నా ముందే ముగుస్తుంది. ప్రకటన వచ్చాక మొదలుపెడితే చాలామందికి సమయం చాలదు.

ఏ కాగితాలు సిద్ధం చేసుకోవాలి?

1. యూఈఐ నంబరు. ఫెడరల్ ప్రభుత్వ సామ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఇస్తారు. ఇప్పిస్తామని డబ్బు అడిగేవారిని నమ్మకండి.

2. భద్రతా లోపాల అంచనా. భవనం చుట్టూ ఎక్కడ లోటుందో చెప్పే నివేదిక ఇది. స్థానిక పోలీసులతో చేయించుకోవచ్చు. ఫెడరల్ సంస్థ సీసా సలహాదారులు కూడా ఉచితంగా చేస్తారు.

3. సంస్థ ఆశయాలు తెలిపే పత్రం.

4. అసలు దరఖాస్తు. ముప్పు ఏమిటి, లోపం ఎక్కడుంది, జరగరానిది జరిగితే నష్టమెంత, అడిగిన వస్తువు ఆ లోపాన్ని ఎలా సరిచేస్తుంది అన్నవి ఇందులో రాయాలి.

మార్కులు ప్రధానంగా ఈ నాలుగో కాగితం మీదే ఆధారపడతాయి. నివేదికలో వెనక తలుపు బలహీనంగా ఉందని రాసి, దరఖాస్తులో ముందు గేటుకు డబ్బు అడిగితే పొంతన కుదరదు. ‘హిందువుల మీద ద్వేషం పెరిగింది’ అని ఒక్క మాటలో తేల్చేయకుండా, మీ గుడికి ఏ తేదీన ఏం జరిగిందో రాయండి. బెదిరింపు ఫోన్లు, ఈమెయిళ్లు, పగిలిన కిటికీలు, హుండీ దొంగతనం అన్నింటికీ పోలీసు రిపోర్టు నంబర్లు ఉంటే బలం. ఎందుకొచ్చిన గొడవలే అని గోడ కడిగేసి ఊరుకుంటే, రేపు దరఖాస్తులో చూపడానికి మీ దగ్గర ఏమీ మిగలదు.

ఎక్కడ దెబ్బ తింటారు?

మొదటిది, ఇది రీయింబర్స్‌మెంట్ పద్ధతి. ముందు మీరు ఖర్చు పెట్టి బిల్లులు చూపాలి, తర్వాతే డబ్బు వస్తుంది. లక్ష డాలర్ల పని ఒప్పుకునే ముందు అంత సొమ్ము కొన్ని నెలలు తిప్పగలమా అని కోశాధికారితో కూర్చుని లెక్క వేసుకోండి.

రెండోది, తొందర. గ్రాంట్ మంజూరైందని ఉత్తరం రాగానే కాంట్రాక్టరును పిలవకండి. తవ్వకం, కంచె, గోడకు కెమెరా బిగించడం వంటి పనులకు పర్యావరణ, చారిత్రక పరిరక్షణ అనుమతి రావాలి. అది రాకముందే పని మొదలుపెడితే ఆ పనికి డబ్బు రాకపోవచ్చు. మంజూరుకు ముందే పెట్టేసిన ఖర్చుదీ అదే దారి.

మూడోది, మొహమాటం. పాలకవర్గ సభ్యుడికి సెక్యూరిటీ కంపెనీ ఉందని పని ఆయనకే అప్పగించేస్తే స్వప్రయోజనాల నిబంధన అడ్డొస్తుంది. కొటేషన్లు తీసుకుని, ఎవరిని ఎందుకు ఎంచుకున్నారో రాసి పెట్టుకోండి. ఆడిట్‌లో అడిగేది అదే.

రాకపోతే?

మరుసటి ఏడాది మళ్లీ అడగవచ్చు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ వంటి రాష్ట్రాలు సొంత నిధులతో ఇలాంటి గ్రాంట్లే ఇస్తున్నాయి, వాటికీ ప్రయత్నించండి. భద్రతా లోపాల నివేదిక ఎలాగూ చేతిలో ఉంటుంది. పండగ రోజు మూసి ఉంచకూడని తలుపు ఏది, రాత్రిపూట తాళం వేయాల్సిన గేటు ఏది వంటి పైసా ఖర్చు లేని సవరణలు అందులో చాలానే కనిపిస్తాయి. వాటికి గ్రాంట్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు.