తిరగరాసిన కుదువ కాగితం

ఇంటి లోనును ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు మార్చుకోవాలా వద్దా అని ఆలోచించేటప్పుడు చాలామంది రెండు వడ్డీ రేట్లు పక్కపక్కన పెట్టి చూస్తారు. మొగుడంపల్లి, జహీరాబాద్ ప్రాంతపు అప్పుల చరిత్ర చూస్తే మాత్రం రేటు తరవాతి మాట అనిపిస్తుంది. ఇక్కడి రైతును మిత్తి ఎంత ముంచిందో, కాగితం తిరగరాసిన ప్రతిసారీ గడువు మళ్లీ మొదటికి రావడం కూడా అంతే ముంచింది. ఆ పాత పద్ధతి పోయినా, దాని లెక్క ఇంకా పోలేదు.

మొగుడంపల్లి 2016లో సంగారెడ్డి జిల్లాలో మండలమైంది. అంతకుముందు జహీరాబాద్ మండలంలో ఉండేది. ఇంకా వెనక్కి వెళ్తే, 1956 నవంబరు దాకా జహీరాబాద్ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాలో భాగం. కాబట్టి ఇక్కడి అప్పుల కథకు కృష్ణా గోదావరి డెల్టాల కన్నా పడమటి దక్కన్ దగ్గరి చుట్టం. వానను నమ్ముకున్న జొన్న చేలు, విత్తనాల నాటికి ఖాళీ చేతులు, ఊళ్లో ఒకరో ఇద్దరో సావుకార్లు. ఆ పడమటి దక్కన్‌లోనే 1875లో పుణె, అహ్మద్‌నగర్ జిల్లాల రైతులు సావుకార్ల ఇళ్ల మీద పడి బాండ్లు తగలబెట్టారు. తరవాత విచారణ చేసిన కమిషన్ దృష్టికి ఒక విచిత్రం వచ్చింది. అప్పు నోటుకు మూడేళ్లలో కాలదోషం పట్టేలా, అంటే ఆ తరవాత కోర్టులో చెల్లకుండా, 1859లో చట్టం చేసింది బాకీదారు మేలు కోరే. సావుకారు దాన్ని తిప్పికొట్టాడు. మూడేళ్లు నిండేలోపు కొత్త నోటు రాయించుకోవడం మొదలుపెట్టాడు.

ఆ తిరగరాతను కాస్త దగ్గర నుంచి చూడాలి. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తితో వంద రూపాయలు తీసుకున్న రైతు మూడేళ్లు ఏమీ కట్టలేదనుకుందాం. బాకీ 172 అవుతుంది. పాత నోటు చింపేస్తారు. కొత్త నోటులో అసలు అని రాసేది వంద కాదు, 172. కింద వేలిముద్ర. ఇంకో మూడేళ్లకు అది దాదాపు 296. అదే పాత నోటు మీద ఆరేళ్లూ సాదా వడ్డీ నడిచి ఉంటే 244 దగ్గర ఆగేది. అంటే రేటు పైసా పెరగకుండానే, కాగితం మారినందుకు రైతు మీద 52 రూపాయలు పడ్డాయి. వడ్డీ అసలును మించకూడదన్న దామ్‌దుపట్ అనే పాత హిందూ ధర్మశాస్త్ర నియమం కూడా ఇక్కడ అక్కరకు రాలేదు, ఎందుకంటే నిన్నటి వడ్డీ ఇవాళ అసలైపోయింది. పొలం చాలకపోతే మనిషే కుదువ. అలా బాకీకి కట్టుబడి పనిచేసే వాళ్లను భగేలాలు అనేవారు. వాళ్ల ఒప్పందాల మీద నిజాం ప్రభుత్వం 1936లో నిబంధన తెచ్చింది, నిజాం కాలపు ఫస్లీ సంవత్సరం 1349లో వడ్డీ వ్యాపారుల చట్టమూ చేసింది. చట్టాలు పుస్తకంలో బాగానే ఉన్నాయి. కానీ వేరేచోట అప్పు పుట్టని మనిషికి చట్టం చేసే మేలు కొంతే. 1951–52లో జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వేలో రైతుల అప్పుల్లో సహకార సంఘాల వాటా 3 శాతం చిల్లర. వడ్డీ వ్యాపారులది 70 శాతం దాకా.

నిజమైన మార్పు అప్పిచ్చే రెండో వాడు దొరకడంతో వచ్చింది. మద్రాసులో 1929లో పెట్టిన కేంద్ర భూమి తనఖా బ్యాంకు ముఖ్య ఉద్దేశాల్లో ఒకటి రైతుల పాత బాకీలు తీర్పించి, వాటిని తక్కువ వడ్డీకి, దీర్ఘకాలిక కిస్తుల కిందికి తేవడం. నేడు బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అంటున్నది దీని మనవడే. అదే ఏడాది ఆస్తి బదిలీ చట్టానికి చేసిన సవరణ, బాకీ చెల్లిస్తున్నప్పుడు తాకట్టును మూడో మనిషి పేరిట బదిలీ చేయమని అడిగే హక్కు తాకట్టు పెట్టిన వాడికి ఇచ్చింది. ఇవాళ ఇక్కడా వర్తించేది ఆ చట్టమే. 2012లో రిజర్వ్ బ్యాంకు, మారే వడ్డీ ఉన్న ఇంటి లోన్లను ముందే తీర్చేస్తే బ్యాంకులు జరిమానా వేయకూడదంది. సావుకారు గడప దాటలేని వాడి మనవడు బ్యాంకు గడప దాటి వెళ్లగలుగుతున్నాడంటే దాని వెనుక ఇంత ఉంది.

మరి బ్యాంకు సావుకారు కాదు కదా, పాత భయం ఇప్పుడెందుకు అని అడగవచ్చు. నిజమే, ఇక్కడ దొంగ లెక్క లేదు. అయినా అంకెలు చూడండి. ఇంకా 12 ఏళ్ల గడువుతో 20 లక్షల బాకీ 9.5 శాతం మీద ఉందనుకుందాం. నెల కిస్తు 23,300 చిల్లర. మొత్తం కట్టేది సుమారు 33.6 లక్షలు. 8.5 శాతానికి మారి అదే 12 ఏళ్లు ఉంచుకుంటే కిస్తు 22,200, మొత్తం 32 లక్షలు. కాగితాల ఖర్చులు పోను లక్షకు పైగా మిగలవచ్చు. అదే 8.5 శాతానికి గడువు మళ్లీ 20 ఏళ్లు పెట్టించుకుంటే కిస్తు 17,400కు దిగుతుంది, ఇంట్లో అందరూ సంతోషిస్తారు. మొత్తం మాత్రం 41.7 లక్షలు. వడ్డీ ఒక శాతం తగ్గి, చెల్లింపు ఎనిమిది లక్షలు పెరిగింది.

కిస్తు తగ్గడమే కొందరికి ప్రాణావసరం అన్న వాదనను కొట్టిపారేయలేం. చెరకు డబ్బు ఆలస్యమైన ఏడాది, అల్లం ధర పడిన ఏడాది, నెలకు ఆరు వేలు మిగలడం చిన్న సంగతి కాదు. ఆ ఆరు వేలతో బయట నూటికి రెండు మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు తీరుస్తే, గడువు పెంచుకోవడం సబబే. భూమి తనఖా బ్యాంకులు చేసిందీ అదే. ఆ ఆరు వేలు ఖర్చుల్లో కలిసిపోతే మాత్రం అది తిరగరాతే. ఇంకో సంగతి: గ్రామకంఠంలో ఉన్న ఇళ్లకు చాలాచోట్ల రిజిస్టరు దస్తావేజులే ఉండవు. అలాంటి వాళ్లకు బ్యాంకు మార్చే ఆలోచన కన్నా ముందు ఇంటి కాగితాల పని ఉంది.

రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటు 2025 ఫిబ్రవరి–జూన్ మధ్య 6.5 శాతం నుంచి 5.5కు తగ్గింది. రెపోకు నేరుగా ముడిపడని, 2019 అక్టోబరుకు ముందు తీసుకున్న పాత లోన్లకు ఆ తగ్గింపు త్వరగా అందకపోవచ్చు. అలాంటి లోను ఉంటే, ముందు మీ బ్యాంకునే రేటు మార్చమని అడగండి, చాలాచోట్ల కొద్దిపాటి రుసుముతో పని అయిపోతుంది. కుదరకపోతే కొత్త బ్యాంకు దగ్గర చివరి కిస్తు ఏ నెలలో పడుతుందో రాతపూర్వకంగా తీసుకోండి. అది పాత తేదీ దాటితే, ఎందుకు దాటిందో మీకు మీరు చెప్పుకోగలిగితేనే సంతకం పెట్టండి.