ముస్తామల్ పానీ, మురుగు కోడు

చిన్నప్పుడు బందరులో మా మొహల్లా మసీదు హౌజ్ గట్టున వజూ చేసేవాళ్లం. కాళ్లు కడిగిన నీళ్లు హౌజ్‌లో పడ్డాయా, ముతవల్లీ సాబ్ చెవి మెలేసేవారు. ఆ నీళ్లు పోవడానికి గట్టు కింద సన్నటి నాలీ ఉండేది. వాటి పేరు ఉర్దూ స్కూల్లో మౌల్వీ సాబ్ చెప్పారు: మా-ఎ-ముస్తామల్, వాడిన నీళ్లు. మన హనఫీ ఫిఖా ప్రకారం అవి పాకే, కానీ వాటితో మళ్లీ వజూ కాదు. నజాసత్ కలిసిన నీళ్ల హుకుం వేరు. స్నానాల నీళ్లూ పాయిఖానా నీళ్లూ కలపొద్దని ఇంజనీర్లు ఇవాళ చెప్తున్నారు. ఆ ఫర్క్ మన కితాబుల్లో వందల ఏళ్లుగా ఉంది.

బందరుకి నీళ్ల తక్‌లీఫ్ పాతదే. 1618 నుంచి 1622 దాకా ఇక్కడి ఇంగ్లీషు కొఠీలో పనిచేసిన విలియం మెత్‌వోల్డ్, ఊళ్లో నీళ్లన్నీ ఉప్పనేనని, పోటు పెద్దదైతే ఊరి చుట్టూ సముద్రమేనని రాసుకున్నాడు. కుతుబ్‌షాహీల బందర్‌గాహ్ అనగానే మనం ఇరానీ తాజిర్లనీ కలంకారీనీ తలుచుకుని మురిసిపోతాం. రంగులద్దిన ఆ బట్టని జాడించడానికి పారే మంచినీళ్లు కావాలన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తురాదు.

1852లో కెప్టెన్ ఓర్ చేతి కింద బెజవాడ ఆనకట్ట పని మొదలై 1855కి పూర్తయింది. డెల్టాలో ఒక పద్ధతి పెట్టారు. సాగు కాలువ మెరకన పోతుంది, పొలాల మురుగు కోడు పల్లాన పోతుంది. బందరు కాలువ నీళ్లతో ఊరి చెరువులు నింపుకుని ఎండాకాలమంతా తాగేవారు. గుడివాడ వైపు పొలాల మురుగు చాలావరకు కొల్లేటికి, మా వైపుది సముద్రానికి. ఫిఖాలో లాగే ఇక్కడా రెండు నీళ్లకి రెండు దారులు. తెల్లదొరల మీద నాకు పెద్ద ముహబ్బత్ లేదు గానీ, ఈ లెక్క మాత్రం సరైనదే.

పాడు చేసింది మనమే. ఆ కోళ్లు తవ్వింది వరి నీళ్లకి, పాయిఖానాలకి కాదు. 1964 వరదల తర్వాత వేసిన ఎ.సి. మిత్ర కమిటీ కూడా చూసింది పొలాల ముంపునే. ఈలోగా పైన బెజవాడ మోరీలు మంచి కాలువల్లోకే తెరుచుకున్నాయి. శివారున ఉన్న దివిసీమకి చేరేసరికి అవి ఎలాంటి నీళ్లో చెప్పాలా? 1977 నవంబరు 19 ఉప్పెన అక్కడి చెరువుల్ని ఉప్పుతోనూ శవాలతోనూ నింపింది. అధికారిక లెక్కే పదివేల ప్రాణాలు. ఆ రోజుల సంగతి చెప్పమంటే దాదీమా మాట్లాడేది కాదు, దువా చదివేది.

ఇప్పుడు ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకు వచ్చింది. మన బంకమట్టి నీళ్లు పీల్చదు, వానాకాలంలో నాలుగడుగులు తవ్వితే ఊట. ఇంకుడు గుంత నిండుతుంది, పైపు కోడులోకి తిప్పుతారు. అడిగితే, "పారే నీళ్లు పాకే కదా భాయ్" అంటారు. ఆధా మస్‌అలా అది! రంగు, రుచి, వాసనల్లో ఏది మారినా పారే నీళ్లూ నాపాకే. శుద్ధి చేశాక ఆ మూడూ మామూలైతే మురుగు నీళ్లు కూడా పాకేనని 1978లో సౌదీ ఉలమా మండలి తేల్చింది. తాగడం మాత్రం సెహత్ కోసం మానమంది.

మన పల్లెలకి మిషన్లు అక్కర్లేదు, తుఫానుకి కరెంటు పోతే అవి ఆగిపోతాయి కూడా. లోతు తక్కువ గుంటలు రెండు మూడు వరసగా తవ్వి, నీళ్లు కొన్ని వారాలు నిలిపితే ఎండా నాచూ కలిసి చాలావరకు శుద్ధి చేస్తాయి. కలకత్తా తూర్పు శివార్లలో ఊరి మురుగు ఇలాంటి చెరువుల్లోంచే పోతుంది, అందులోనే చేపలు పెంచుతారు. ఇక్కడ చేపల చెరువులకి ఎకరాలకెకరాలు దొరుకుతాయి. మురుగు గుంటకి అరెకరం అడిగితే సర్పంచి నవ్వుతాడు.

మా మసీదులో హౌజ్ పోయి నల్లాలు వచ్చాయి. వజూ నీళ్లు ఇప్పుడు వీధి మోరీలో పాయిఖానా నీళ్లతో కలుస్తున్నాయి. పోయిన రంజాన్‌లో, వాటిని వెనకున్న కొబ్బరి చెట్లకి తిప్పుదామని కమిటీలో అన్నాను. మస్‌అలా మీద ఎవరికీ ఎతరాజ్ లేదు. పైపు ఖర్చు ఎవరిదన్న దగ్గర ఆగింది.