హోరులో మాట

విశాఖపట్టణపు రేవును 1933లో వైస్రాయి విల్లింగ్డన్ ప్రారంభించెను. 1948లో జలఉష యను నౌక యిచటి ఓడల కర్మాగారమునుండి నీటిలోనికి దిగెను. ఉక్కు కర్మాగారము 1992లో జాతికి అంకితమయ్యెను. పెద్దలగు మీరెఱిగిన సంగతులే యివి. ఇనుప పనులవెంట వచ్చు చెవిటితనపు చరిత్రమును నేడు విన్నవింతును.

మా మేనమామ యీ పట్టణముననే యొక పనిశాలయందు ముప్పది యేండ్లు సమ్మెట పని చేసెను. వసారాలో నేనొక్కడనే పలుకరించినచో చక్కగా బదులు చెప్పెడివాడు. పూర్ణా మార్కెట్టులో నదే మాట యనిన "ఏమిటిరా?" యని చేయి చెవికి జేర్చెడివాడు. "ఆయనకు గావలసిన మాటలే వినబడును" అని యింటివారు నవ్వెడివారు. నేనును నవ్వితిని.

1886లో గ్లాస్గో నగరమున థామస్ బార్ అను వైద్యుడు బాయిలరులు చేయు నూర్గురు పనివాండ్ర చెవులు పరీక్షించెను. ఒక్కనికైనను నిర్దుష్టమగు వినికిడి లేదు. పెనుచప్పుడు లోచెవిలోని సున్నితమైన రోమకణములను చంపును. అవి మరల మొలవవు. ముందుగా పోవునది సన్నని ధ్వనుల వినికిడి. అచ్చులు నిలుచును, హల్లులు జారును. సందడిలో పాలన్నను, చాలన్నను, తాలన్నను ఒక్కటే.

పూర్వము కొమ్ముబూరలుండెడివి. 1898లో అమెరికాయందు హచిసన్ విద్యుత్ యంత్రమును నిర్మించెను. 1952లో ట్రాన్సిస్టరు వచ్చి పెట్టెను చిన్నది చేసినది. ఐనను అవి మాటను పెంచినట్లే బండ్ల రొదనుగూడ పెంచెడివి. మా మామయ్య తన యంత్రమును నెల తిరుగకమున్నే ట్రంకుపెట్టెలో పడవైచెను.

తరువాతివారు ఒక్క యంత్రమున రెండు మైక్రోఫోనులు పెట్టిరి. ఎదుటి మాట ముందుదానిని మొదట తాకును, వెనుకటి చప్పుడు వెనుకదానిని మొదట తాకును. ఆ రవ్వంత కాలభేదమును బట్టి యంత్రము వెనుకటి రొదను తగ్గించును. 1996 నాటికి ధ్వనిని అంకెలుగా మార్చి లెక్కించు డిజిటల్ యంత్రములు వచ్చినవి. మోటారు రొద యొక్క తీరున సాగును. మాటయో, యెగసి దిగుచుండును. ఆ భేదమును గుర్తించి రొదను అణచుట వీని పని. పదిమంది యొక్కసారి మాటలాడినచో రొదయు మాటయే గదా! అచట యంత్రము చాలవఱకు ఓడును. అట్టిచో మాటలాడువాని మెడపట్టీకి చిన్న మైక్రోఫోను తగిలించి, రేడియో అలలమీద మాటను నేరుగా చెవికి పంపుదురు.

మామయ్యకు క్రొత్త యంత్రము కొంటిమి. పెండ్లిపందిరిలో మేళమునకు వీపు త్రిప్పి, నన్ను ఎదుట కూర్చుండబెట్టుకొనును. తెలియనివారు ఆయనకు సంగీతము గిట్టదేమో యనుకొందురు.