ఓటొచ్చింది, కొలువు పోయింది

2008 డిసెంబర్ 10న ఇంగ్లిష్ ఛానెల్‌లోని సార్క్ దీవి జనం తమ చట్టసభ ‘చీఫ్ ప్లీజ్’ దాదాపు మొత్తాన్నీ తొలిసారి ఓటేసి ఎన్నుకున్నారు. సీట్లు 28, బరిలో 57 మంది. దీవి జనాభా ఆరువందల చిల్లర. పిల్లాజెల్లాతో కలిపి లెక్కేసినా పదిమందికొక అభ్యర్థి!

సార్క్ యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం కాదు, స్వతంత్ర దేశమూ కాదు. బ్రిటిష్ రాచరికం కింద గర్న్‌సీ పరిధిలో ఉంటుంది. సొంత చట్టాలు చేసుకుంటుంది గానీ వాటిపై లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ముద్ర పడాలి. రోడ్ల మీద కార్లు తిరగవు. ట్రాక్టర్లు, గుర్రపు బళ్లు, సైకిళ్లే.

1565లో మొదటి ఎలిజబెత్ రాణి ఈ దీవిని జెర్సీకి చెందిన హెలియర్ డి కార్టరెట్‌కు రాసిచ్చింది. కాపలాకు 40 మంది సాయుధుల్ని ఎప్పుడూ ఉంచాలన్నది షరతు. ఆయన నేలను 40 కమతాలుగా పంచాడు. ఆ కమతం ఎవరిదైతే సభలో కుర్చీ వారిదే. దొరను సెన్యూర్ అంటారు. పావురాలు పెంచుకునే హక్కు ఒక్క ఆయనకే ఉండేది. 1922లో ఎన్నికైన సభ్యులు 12 మందికి చోటిచ్చారు. మెజారిటీ మాత్రం భూమిదే.

దీన్ని కదిపింది కూలీలో కౌలుదార్లో కాదు, కోటీశ్వరులు. 2008 నాటికి డైలీ టెలిగ్రాఫ్ పత్రికకూ, లండన్ రిట్జ్ హోటల్‌కూ యజమానులైన కవలలు డేవిడ్, ఫ్రెడరిక్ బార్‌క్లే 1993లో పక్కనున్న బ్రెకూ దీవిని కొని కోట కట్టుకున్నారు. ఆస్తంతా పెద్దకొడుక్కే చెందాలన్న సార్క్ చట్టంతో వారికి పేచీ మొదలైంది. మానవ హక్కుల ఒప్పందం పేరుతో కోర్టులకెక్కారు. 2008 ఏప్రిల్‌లో, భూమిని బట్టి కాక ఓటుతో సీట్లిచ్చే సంస్కరణకు ప్రివీ కౌన్సిల్ ఆమోదం వచ్చింది.

తీరా ఓట్లు లెక్కపెడితే, ఆ సోదరులు వెనకేసుకొచ్చిన అభ్యర్థుల్లో ఎక్కువమంది ఓడిపోయారు. వెంటనే దీవిలోని తమ హోటళ్లకూ దుకాణాలకూ తాళాలు వేయించారు. వందమందికి పైగా ఉపాధి పోయింది. క్రిస్మస్‌కు రెండు వారాల ముందు! కొన్ని తర్వాత తెరుచుకున్నాయనుకోండి. వ్యాపార నిర్ణయమని ఎవరెంత చెప్పినా, ఓటు కోసం లండన్ దాకా వెళ్లినవారు ఓటరు మాటకు ఓర్చుకోలేకపోయారనే నాకనిపిస్తుంది.

సెన్యూర్‌లాంటివారు ఎన్నిక కాకుండానే సభలో కూర్చోవడం తప్పన్న వాదన మిగిలింది. కొత్తగా ఏర్పడ్డ బ్రిటన్ సుప్రీంకోర్టు 2009 డిసెంబర్ 1న దాన్నీ కొట్టేసింది.

2014 ఎన్నికల్లో ఖాళీలెన్నో నామినేషన్లూ అన్నే. పోలింగే జరగలేదు. మన పల్లెల్లో ఏకగ్రీవమైతే సర్కారు నజరానా ఇస్తుంది. సార్క్‌లో సభ్యులకు జీతం కూడా లేదు. పోటీకి వచ్చేవారు కరువై చివరికి సభనే 18 మందికి కుదించారు.