రొమాంటిక్ సంగీతానికి విలువ కట్టిన తీరు

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో దాదాపు 19వ శతాబ్దమంతా రొమాంటిక్ యుగం కిందికే వస్తుంది. దాని గొప్పదనాన్ని దేన్నిబట్టి తేల్చాలన్న వాదం ఆ సంగీతంతోపాటే పెరిగింది. 1810లో జర్మన్ రచయిత ఇ.టి.ఎ. హోఫ్‌మన్ లైప్‌జిగ్ సంగీత పత్రికలో బీతోవెన్ అయిదో సింఫనీని సమీక్షించాడు. మాటల ఆసరా లేని వాద్య సంగీతమే కళలన్నిటిలోకీ రొమాంటిక్ అన్నాడు. విన్నవాడి మనసులో కలిగే కలవరాన్ని వర్ణించి ఊరుకోలేదు. చిన్న స్వరగుచ్ఛం నుంచి కృతి మొత్తం ఎలా అల్లుకుందో స్వరలిపి ముందుపెట్టి చూపాడు. అనుభూతినీ నిర్మాణాన్నీ కలిపి తూచిన ఆ పద్ధతే సరైనది. తరవాతివారు వాటిని విడదీశారు.

1834లో లైప్‌జిగ్‌లో సొంత పత్రిక మొదలుపెట్టిన స్వరకర్త షూమన్ విమర్శను కొత్తవారికి అండగా మలిచాడు. ఇరవయ్యేళ్ల బ్రామ్స్‌ను 1853లో లోకానికి పరిచయం చేసింది ఆయన వ్యాసమే. మరుసటి ఏడాది వియన్నా విమర్శకుడు ఎడువర్డ్ హాన్‌స్లిక్, సంగీత సౌందర్యం నాదరూపాల కదలికలోనే ఉందని, భావోద్వేగం దానికి కొలత కాదని పుస్తకం రాశాడు. కవిత్వాన్నీ నాటకాన్నీ సంగీతంలోకి తెచ్చిన లిస్ట్, వాగ్నర్‌ల పక్షం ఒకవైపు, బ్రామ్స్ పక్షం మరోవైపు మోహరించాయి. 1860లో బ్రామ్స్, వయొలిన్ విద్వాంసుడు యోవాకిమ్ తదితరులు ఎదుటి పక్షాన్ని ఖండిస్తూ ప్రకటన కూడా ఇచ్చారు.

ఈ పట్టుదల ఎంత దూరం పోగలదో చైకోవ్‌స్కీ వయొలిన్ కాన్సెర్టో చెబుతుంది. దాన్ని వాయించడానికి వయొలిన్ విద్వాంసుడు లియోపోల్డ్ ఆయర్ ఒప్పుకోలేదు. చివరికి 1881 డిసెంబరు 4న వియన్నాలో అడాల్ఫ్ బ్రాడ్‌స్కీ తొలిసారి వినిపించాడు. హాన్‌స్లిక్ దాన్ని మోటుదనమని ఈసడించాడు. చివరి భాగంలోని రష్యన్ జానపద నృత్యపు ఊపు ఆయన కొలతల్లో ఇమడలేదు. ఆ ఊపే శ్రోతలకు నచ్చింది. కాదన్న ఆయరే తరవాత దాన్ని వాయించి, శిష్యులకు నేర్పాడు.

కళతో సంబంధంలేని కొలతలూ వచ్చాయి. యూదు సంగీతకారులను తృణీకరిస్తూ వాగ్నర్ 1850లో రాసిన వ్యాసం స్వరకర్త మెండెల్సన్ పేరును దెబ్బతీసింది. నాజీల కాలంలో, 1936లో, లైప్‌జిగ్‌లోని మెండెల్సన్ విగ్రహాన్నే తొలగించారు. ఇది విమర్శ కాదు, ద్వేషం.

20వ శతాబ్దంలో జనాదరణే నేరమైంది. గ్రోవ్ సంగీత నిఘంటువు 1954 ముద్రణ రష్యన్ స్వరకర్త రఖ్మానినోవ్ కృతుల అల్లిక విసుగు పుట్టిస్తుందని, వాటి ఆదరణ నిలవదని తేల్చింది. ఆదరణ నిలిచింది. 1980 ముద్రణకు ఆయనపై వ్యాసాన్ని కొత్తగా రాయించారు.