అంతర్జాతీయ సంబంధాల శాస్త్రం: పుట్టింది ఒక్కచోటేనా?

వేల్స్ పడమటి తీరంలో సముద్రాన్ని ఆనుకుని అబెరిస్ట్విత్ అనే చిన్న ఊరుంది. అంతర్జాతీయ సంబంధాలు అనే చదువు అక్కడే పుట్టిందని పాఠ్యపుస్తకాలు చెబుతుంటాయి. 1919లో అక్కడి కళాశాలలో అంతర్జాతీయ రాజకీయాల కోసం ఒక ఆచార్య పీఠం పెట్టారు. ప్రపంచంలో ఆ తరహా పీఠాల్లో అదే మొదటిది. అందుకు 20,000 పౌండ్లు ఇచ్చినవాళ్లు డేవిడ్ డేవిస్, ఆయన చెల్లెళ్లు గ్వెండొలిన్, మార్గరెట్. తాత బొగ్గుగనులు, రైలుమార్గాల మీద గడించిన ఆస్తి వాళ్లది.

డబ్బున్నవాళ్లు కాలేజీలకు విరాళాలివ్వడం కొత్తేమీ కాదు. ఈ విరాళం వెనక మాత్రం యుద్ధం ఉంది. డేవిస్ మొదటి ప్రపంచయుద్ధంలో ఒక పటాలాన్ని నడిపాడు. చెల్లెళ్లిద్దరూ ఫ్రాన్సులో సైనికుల కోసం క్యాంటీన్ నడిపారు. యుద్ధం మనుషుల్ని ఏం చేస్తుందో ముగ్గురూ కళ్లారా చూశారు. ఆ కాలేజీ నుంచి యుద్ధానికి వెళ్లి తిరిగిరాని విద్యార్థుల జ్ఞాపకంగా పీఠం పెట్టించి, నానాజాతి సమితి కోసం పట్టుబట్టిన అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ పేరు దానికి పెట్టారు. జ్వరానికి కారణం తెలిస్తే మందు దొరికినట్టు, యుద్ధానికి కారణం తెలిస్తే దాన్ని ఆపొచ్చన్న నమ్మకం ఈ చదువుకు పునాది. తొలి ఆచార్యుడు ఆల్ఫ్రెడ్ జిమ్మర్న్ ప్రాచీన గ్రీసు చరిత్రలో పండితుడు.

ఆ నమ్మకాన్ని గట్టిగా నిలదీసినవాడు కూడా ఆ పీఠం మీది నుంచే వచ్చాడు. బ్రిటన్ విదేశాంగ శాఖలో ఇరవై ఏళ్లు పనిచేసిన ఇ.హెచ్. కార్ 1936లో ఆచార్యుడయ్యాడు. 1939లో, రెండో ప్రపంచయుద్ధం మొదలైన రోజుల్లోనే, ఆయన ‘ది ట్వంటీ ఇయర్స్ క్రైసిస్’ వెలువడింది. దేశాల మధ్య బలాబలాల లెక్క వదిలేసి శాంతి గురించి మాట్లాడటం దండగని కార్ వాదించాడు. ప్రపంచ శ్రేయస్సు అని పెద్ద దేశాలు చెప్పేదాంట్లో ఎక్కువ భాగం వాటి సొంత శ్రేయస్సేనన్నాడు. విల్సన్ పేరిట ఉన్న కుర్చీలో కూర్చుని విల్సన్ బాటనే తప్పుబట్టాడన్నమాట. కార్ ఎంపికే ఇష్టంలేని డేవిస్‌కు ఇది ఇంకెంత కష్టంగా తోచిందో! 1948లో, జర్మనీ నుంచి అమెరికా చేరిన హాన్స్ మోర్గెంతావ్ ‘పాలిటిక్స్ అమాంగ్ నేషన్స్’ రాశాక, దేశాల బలాబలాల లెక్కకే పెద్దపీట వేసే ఈ వాస్తవికవాదం ఈ చదువులో ప్రధాన ధోరణిగా స్థిరపడింది.

ఇంతవరకే చెప్పి ఊరుకుంటే అన్యాయమవుతుంది. ఈ చదువు అంతకుముందే అమెరికాలో మొలకెత్తింది, అదీ అంత గర్వంగా చెప్పుకునే తీరులో కాదు. 1910లో క్లార్క్ విశ్వవిద్యాలయం నుంచి ‘జర్నల్ ఆఫ్ రేస్ డెవలప్‌మెంట్’ అనే పత్రిక మొదలైంది. ‘వెనకబడిన జాతుల’ను ఎలా ‘అభివృద్ధి’ చేయాలన్నది దాని పేరులోనే ఉంది. 1919లో అదే పత్రిక ‘జర్నల్ ఆఫ్ ఇంటర్నేషనల్ రిలేషన్స్’గా పేరు మార్చుకుంది. ఇంకో మూడేళ్లకు ‘ఫారిన్ అఫైర్స్’లో కలిసిపోయింది. నేటికీ ప్రపంచ విధానకర్తలు చదివే పత్రిక అది. వలస దేశాలను ఎలా ఏలాలన్న ఆలోచన ఈ శాస్త్రం తొలి రోజుల్లోనే ఉందని తెలుసుకోకుండా దాన్ని చదవడం సరికాదని నా గట్టి అభిప్రాయం.

పరాయి ఏలుబడిలో ఉన్నవాళ్లూ ఆ రోజుల్లోనే మాట్లాడారు. 1919లోనే బెంగాలీ పండితుడు వినయకుమార్ సర్కార్ ‘అమెరికన్ పొలిటికల్ సైన్స్ రివ్యూ’లో హిందువుల అంతర్జాతీయ సంబంధాల సిద్ధాంతం గురించి వ్యాసం ప్రచురించాడు. అందులో కౌటిల్యుడి మండల సిద్ధాంతాన్ని వివరించాడు. గెలవాలనుకునే రాజు విజిగీషువు. సరిహద్దు పంచుకునేవాడు సహజ శత్రువు. ఆ శత్రువుకు అవతల ఉన్నవాడు సహజ మిత్రుడు. విజిగీషువుకూ శత్రువుకూ దగ్గరగా ఉండి ఎటైనా మొగ్గగల బలవంతుడు మధ్యముడు, వీళ్లందరికీ దూరంగా ఉన్న బలవంతుడు ఉదాసీనుడు. వీళ్లతో నడుచుకోవడానికి ఆరు ఉపాయాలు: సంధి, విగ్రహం, ఆసనం, యానం, సంశ్రయం, ద్వైధీభావం. సంధి, విగ్రహం మన పిల్లలకు పంచతంత్రం కథల్లోనే పరిచయం. కౌటిల్యుడి గ్రంథం అర్థశాస్త్రం తాళపత్ర ప్రతిని మైసూరులో ఆర్. శామశాస్త్రి 1905లో గుర్తించి, 1909లో అచ్చు వేయించాడు. అంటే అచ్చయిన పదేళ్లకే సర్కార్ దాన్ని అమెరికా పండితుల ముందు పెట్టాడు. వాళ్ల పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఆయన పేరు దాదాపు కనిపించదు.

మన దేశంలో ఈ చదువుకు సంస్థలు స్వాతంత్ర్యానికి ముందే మొదలయ్యాయి. 1943లో ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ వరల్డ్ అఫైర్స్ ఏర్పడింది. ఇంకా బ్రిటిష్ పాలనలో ఉండగానే, 1947 మార్చిలో, ఢిల్లీ పురానా ఖిల్లాలో ఆసియా దేశాల మహాసభ నిర్వహించింది ఆ సంస్థే. 1955లో దాని అండతో ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ ఆరంభమైంది. ఎ. అప్పాదొరై దాని తొలి డైరెక్టర్. 1970లో ఆ స్కూలు జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కలిసింది. కటక్ రావెన్‌షా కాలేజీలోనూ, తర్వాత జెఎన్‌యూలోనూ చదివిన అమితావ్ ఆచార్య 2014లో ఇంటర్నేషనల్ స్టడీస్ అసోసియేషన్ అధ్యక్షుడయ్యారు. పాశ్చాత్యేతర ప్రపంచం నుంచి ఆ పదవికి వచ్చిన మొదటి వ్యక్తి ఆయనే. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికాల చరిత్రనూ ఆలోచననూ కలుపుకుని ఈ శాస్త్రాన్ని మళ్లీ రాయాలని ఆ సంఘం వేదిక మీదే అడిగారు.