కుడి పక్కన దివిసీమ

ఆ తుపానుకు పేరు లేదు. మన సముద్రంలో పుట్టే తుపాన్లకు పేర్లు పెట్టడం 2004లో గాని మొదలుకాలేదు. అందుకే 1977 నవంబరు 19న వచ్చినదాన్ని అది ముంచిన నేల పేరుతోనే జనం తలుచుకుంటారు: దివిసీమ ఉప్పెన. నిజానికి ఆ తుపాను ఒడ్డెక్కింది దివిసీమలో కాదు, చీరాల దగ్గర. అంటే చీరాల పక్కనే ఉన్న మా వేటపాలెం వాకిట్లోకే వచ్చిందనుకోవాలి. తుపాను నడిబొడ్డు ఇటు దాటింది, చావు మాత్రం కృష్ణ పాయల మధ్య ఉన్న దివిసీమకు పోయింది. ఈ తేడా ఎలా వచ్చిందో తెలిస్తే, చెప్పిన హెచ్చరిక ఎందుకు చాల్లేదో కూడా తెలుస్తుంది.

ఆ నెలలో బంగాళాఖాతం అసలు నిలకడగా లేదు. నవంబరు 12న ఒక తుపాను నాగపట్నం మీద పడింది. తమిళనాడు ఇంకా తేరుకోకముందే, దూరాన ఆగ్నేయ దిక్కున మరొకటి పుట్టి పడమటికి నడవడం మొదలుపెట్టింది. అదే దారిన పోయి ఉంటే తమిళనాడుకో, నెల్లూరు తీరానికో చేరాలి. చేరలేదు. నడుమ దారి మార్చి ఉత్తరానికి మళ్లింది. మళ్లాక బలం పుంజుకుంది. ఒడ్డు తాకే వేళకు గాలి గంటకు 200 కిలోమీటర్ల వేగం దాటిపోయింది.

వాతావరణ శాఖ దాన్ని చూడలేదని అనడానికి లేదు. చూసింది. 1969లో ఆంధ్ర తీరాన్ని తుపాన్లు వరసగా చావగొట్టాక, నష్టం తగ్గించే దారి చెప్పమని కేంద్రం ఒక సంఘాన్ని వేసింది. విశాఖపట్నంలో 1970లో తుపాన్లను పసిగట్టే రాడార్ పెట్టారు. 1974లో అక్కడే తుపాను హెచ్చరికల కేంద్రం తెరిచారు. మద్రాసులో ఇంకో రాడార్ ఉంది. ఆ రెంటి మధ్య, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట, మచిలీపట్నంలో మాత్రం అప్పటికి రాడార్ లేదు. మన దేశానికి సొంత వాతావరణ ఉపగ్రహమూ లేదు. ఉన్న సరంజామాతోనే శాఖ హెచ్చరికలు పంపింది, ఆకాశవాణి వాటిని చదివింది.

మరి ఆ మాట ఎక్కడ ఆగిపోయింది? ఆనాటి దారి ఒకసారి గుర్తుచేసుకోండి. తుపాను కేంద్రం నుంచి తంతి కలెక్టరు గారికి. అక్కడి నుంచి తాసీల్దారుకు, ఆయన నుంచి ఊళ్లో మునసబుకు, కరణానికి. మునసబు తలారిని పిలిస్తే, తలారి డప్పు కొట్టి వీధి వీధికీ చెప్పాలి. ఇన్ని చేతులు మారే మాట గాలి కన్నా ముందు పరుగెత్తాలి. ఆ రోజు గాలే ముందు వచ్చింది. స్తంభాలు కూలాయి, తీగలు తెగాయి, కరెంటు పోయింది. ట్రాన్సిస్టరు ఉన్న ఇంట్లో వార్త వినపడింది. అది లేని గుడిసెలో, పంట కోతకని వచ్చి చేలగట్ల మీద దిగిన కూలీల పాకలో, సముద్రం హోరు తప్ప మరేదీ వినపడలేదు.

ఓడరేవుల్లో పెట్టే ప్రమాద హెచ్చరికల సంగతి మన పత్రికలు చదివేవాళ్లందరికీ తెలుసు. నిజాంపట్నంలో మూడో నంబరు ఎగరేశారని ఏటా వింటూనే ఉంటాం. పదో నంబరు మహా ప్రమాదానికి. దానిపైన పదకొండోది ఒకటుంది. హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక ఇక్కడి అధికారే చూసుకోవాలి అని దానర్థం. తుపాను వచ్చిన ఆ శనివారం సాయంత్రం మన కోస్తా ఊళ్లన్నీ, ఎవరూ ఎగరేయకుండానే, ఆ పదకొండో నంబరు కిందే ఉన్నాయి.

ఇక దిక్కుల సంగతి. మన వైపు తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. తుపాను సముద్రం నుంచి ఒడ్డెక్కేటప్పుడు, అది నడిచే దారికి కుడి పక్కన గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి నెడుతుంది. ఎడమ పక్కన గాలి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది, నీళ్లను వెనక్కి తోస్తుంది. చీరాల దగ్గర దాటిన తుపానుకు కుడి పక్కన ఎవరున్నారు? బాపట్ల, నిజాంపట్నం, రేపల్లె తీరం, ఆ పైన దివిసీమ. అక్కడ కృష్ణ వేల ఏళ్లుగా ఒండ్రు తెచ్చి పోయడంతో సముద్రం లోతు తక్కువ. లోతులేని చోట తోసుకొచ్చిన నీటికి కిందికి పోయే దారి ఉండదు, పైకే లేవాలి. లేచింది. ఐదు మీటర్ల ఎత్తున లేచింది.

జనం దాన్ని తాటిచెట్టంత కెరటం అన్నారు. నాగాయలంక, కోడూరు వైపు పల్లెల్లో అది చీకటి పడే వేళకు ఇళ్ల మీద పడింది. సొర్లగొంది ఊరికి ఊరే తుడిచిపెట్టుకుపోయింది. పాలకాయతిప్ప, హంసలదీవి పరిసరాల్లో మిగిలినవాళ్లు గుడి ఎత్తునో, చెట్టు కొమ్మనో పట్టుకుని మిగిలారు. నీళ్లు పది కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చాయి. కోతకొచ్చిన వరి ఉప్పునీళ్ల కింద పడుకుంది. తెల్లవారేసరికి తుమ్మచెట్లకు మనుషులు, గొడ్లు కలిసి వేలాడుతున్నారు. ఎవరు ఎవరో గుర్తుపట్టే వీలు లేక శవాలను కుప్పలు పోసి కాల్చారు. పోయినవాళ్లు పది వేలకు తక్కువ కాదన్నది అందరూ ఒప్పుకునే లెక్క. ఊరు పేరు, ఇంటి పేరు ఏ పుస్తకంలోనూ లేని వలస కూలీలను ఎవరు లెక్కపెట్టారు?

ఆ శనివారమే ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ ఇజ్రాయెల్‌లో దిగాడు. ప్రపంచం అటు చూస్తోంది. తీగలు తెగిన దివిసీమ కబురు హైదరాబాదుకు చేరడమే గగనమైంది. చేరాక మాత్రం తెలుగునాడు కదిలింది. అవనిగడ్డ నాయకుడు మండలి వెంకటకృష్ణారావు తన జనం మధ్యకు వచ్చి నిలిచారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాలు అడిగారు. మదర్ థెరిసా వచ్చారు. ఏడ్వడానికి, ఆదుకోవడానికి అందరూ వచ్చారు. ముందురోజు లేచి పొమ్మని చెప్పడానికి మాత్రం ఆ గుడిసెల దాకా వచ్చినవాళ్లు లేరు.

మా వైపు దెబ్బ తగల్లేదా అంటే తగిలింది. గాలికి ఇళ్ల కప్పులు ఎగిరాయి, సరుగుడు తోటలు విరిగాయి. నేతగాళ్ల ఊరిలో వానంటే ఏమిటో చూసినవాళ్లకే తెలుసు. గుంట మగ్గం మీద పనిచేసే మనిషి కాళ్లు నేలలో తవ్విన గుంటలో ఉంటాయి. వాన పట్టిందంటే ముందు ఆ గుంటలోకే నీళ్లు ఊరతాయి. పడుగు తడిసి బిగుసుకుంటుంది, గంజి కారిపోతుంది, వారాల కూలి పోతుంది. ఐనా అది బతికి చెప్పుకునే కష్టం. గాలి ఇటు దాటినా సముద్రం ఇటు రాకపోవడం మా గొప్ప కాదు. ఎడమ పక్కన ఉన్నాం, అంతే.

తెలియని శత్రువేమీ కాదిది. 1864 నవంబరు 1 రాత్రి ఇదే సముద్రం మచిలీపట్నాన్ని ముంచింది, 30 వేల మంది పోయారు. దానికి నెల ముందు కలకత్తాను మరో తుపాను ఊడ్చేసింది. ఆ దెబ్బలు, వాటి వెంట వచ్చిన కరువులు చూశాకే 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. తుపాను చావుల్లోంచి పుట్టిన శాఖకు 102 ఏళ్ల వయసు వచ్చాక, మచిలీపట్నానికి పక్కనే దివిసీమ అలా మునిగింది. ఫలానా ఊరి మీదికి ఇన్ని అడుగుల నీళ్లు వస్తాయని లెక్కగట్టి చెప్పే పద్ధతి అప్పటికి వాడుకలోకి రాలేదు. గాలి వేగం చెబితే రైతుకు కప్పు మీద బరువు పెట్టుకోవాలని తెలుస్తుంది. నీటి ఎత్తు చెబితేనే ఇల్లు వదిలి పోవాలని తెలుస్తుంది.

వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం ఉంది. పాత పత్రికలను భద్రంగా దాచిన గ్రంథాలయంగా దానికి పేరు. అచ్చయిన వార్త అక్కడ వందేళ్లయినా బతుకుతుంది. హెచ్చరికకు అంత ఆయుష్షు లేదు. దానికి ఉన్నది కొన్ని గంటలే. ఆ గంటల్లో చేరాల్సిన చెవిని చేరకపోతే, మర్నాటి పత్రికలో మృతుల సంఖ్య పక్కన చేరుతుంది.

ఆ సంఖ్య చూశాక ప్రభుత్వాలు కదిలాయి. మచిలీపట్నానికి రాడార్ వచ్చింది. తీరం పొడుగునా తుపాను షెల్టర్లు లేచాయి. 1983లో ఇన్‌శాట్-1బి పైకి వెళ్లాక, తీగలతో పని లేకుండా ఉపగ్రహం నుంచే హెచ్చరిక వినిపించే పెట్టెలను దక్షిణ కోస్తా ఆఫీసుల్లో పెట్టారు. తలారి డప్పు పనిని ఆకాశానికి అప్పజెప్పారు. 1990 మే 9న అంతటి బలమున్న తుపానే కృష్ణ ముఖద్వారం దగ్గర దాటింది. లక్షల మందిని ముందే తరలించారు. మృతుల లెక్క వెయ్యి లోపే ఆగింది. అదే సముద్రం, అదే గాలి. మారింది కబురు ఒక్కటే.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే దాటింది. ఎక్కడ దాటుతుందో, ఎప్పుడు దాటుతుందో ముందే చెప్పారు. రామాపురం, కఠారివారిపాలెం వంటి పల్లెల్లో వలలు, పడవలు పైకి లాక్కునే వ్యవధి దొరికింది. ఐతే మిర్చి తోటను ఎవరూ షెల్టరుకు తీసుకుపోలేరు. కోసిన వరి పనలు, పొగాకు, మిర్చి నీళ్లలో నానాయి. మనిషి బతికి పైరు పోవడం రైతుకు చిన్న దెబ్బేమీ కాదు. ఐనా ఆ దెబ్బ గురించి పరిహారం అడగడానికి రైతు మిగిలి ఉన్నాడు. 1977లో కుడి పక్కనున్న ఊళ్లలో అడగడానికి కూడా చాలామంది మిగల్లేదు.

ఊరు ఖాళీ చేయించాక తుపాను పక్కకు పోతే, ఊరికే తిప్పలు పెట్టారని విసుక్కోవడం మన తీరంలో ఇప్పటికీ ఉంది. ఆ విసుగు అర్థమయ్యేదే, రెండు రోజుల వేట పోయినవాడికి అది నిజమైన నష్టమే. కానీ తుపాను మా మీద నుంచి దాటుతుందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో ఆగిపోతే 1977 నుంచి మనం నేర్చుకున్నదేమీ లేదు. చీరాలలో దాటిన తుపానుకు చచ్చిపోయింది దివిసీమ. కాబట్టి ఒడ్డు మీద ఏ నంబరు ఎగరేసినా అధికారి ముందుగా వెతకాల్సింది తుపాను దారికి కుడి పక్కన, పల్లపు నేల మీద, గుడిసెలో ఉన్న మనిషిని. ఆ మనిషి లేచి కదిలేదాకా హెచ్చరిక ఇచ్చినట్టు కాదు.